సంవత్సరీకం దాకా ఆగొద్దు

రోడ్డు మీద మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి మొదలయ్యే వాదన ఇది. నష్టపరిహారం కేసు వెయ్యాలా, వద్దా? నేను చాలా ఇళ్ళలో విన్న మాటల్ని ఇద్దరి నోట పెట్టి రాశాను. వెంకయ్య కొడుకు శీను తాపీ మేస్త్రి, వయసు 34. పని ముగించుకుని రాత్రిపూట బైకు మీద ఇంటికొస్తుంటే, కోదాడ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ గుద్దింది. భార్య రమణ, ఇద్దరు చిన్నపిల్లలు, తల్లి, తండ్రి మిగిలారు. సునీత వెంకయ్య తమ్ముడి కూతురు, సూర్యాపేటలో ఒక వకీలు దగ్గర గుమస్తా. శీను పోయి నాలుగు నెలల పది రోజులైంది. నేను సునీత పక్షం. కానీ వెంకయ్య మాటల్లో కొన్నింటికి నా దగ్గరా జవాబు లేదు. వాటిని తీసెయ్యకుండా ఉంచాను.

వెంకయ్య: నువ్వెందుకు వచ్చావో తెలుసమ్మా. రమణ ఫోన్ చేసి ఉంటుంది. ముందే చెబుతున్నా, నేను సంతకం పెట్టను. కొడుకు శవాన్ని చూపించి డబ్బు అడుక్కునే స్థితికి ఇంకా రాలేదు నేను.

సునీత: మరి మొన్న లారీ ఓనరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చి నాలుగు లక్షలు ఇస్తానంటే కుర్చీ వేసి కూర్చోబెట్టావట కదా పెదనాన్నా.

వెంకయ్య: అది వేరు. ఆయన నా గడప దగ్గరకొచ్చి, చెప్పులు విడిచి, తప్పైంది క్షమించమని దండం పెట్టాడు. అట్లా మనిషి మనిషికి ఇచ్చేది వేరు. కోర్టులో నాకు ఎవడు దండం పెడతాడు? ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు నిలబడి, నీ కొడుకు తాగాడా, హెల్మెట్ ఉందా, ఇంత సంపాదించాడనడానికి కాగితం ఏదీ అని అడుగుతాడు. రమణను బోనులో నిలబెట్టి అడుగుతాడు. ఆ పిల్ల ఇప్పటికే సగం చచ్చి ఉంది.

సునీత: అడుగుతారు. అబద్ధం చెప్పను, అడుగుతారు. మా ఆఫీసులో అట్లా ఏడ్చి బయటికొచ్చిన ఆడవాళ్ళకు నేనే నీళ్ళిచ్చాను.

వెంకయ్య: మరి తెలిసీ ఎందుకు లాగుతున్నావు? మన వీరయ్య ఇంటి సంగతి చూశావుగా. కొడుకు పోయాక కేసు వేశారు. వాయిదాలకు తిరిగి తిరిగి ముసలావిడ పోయింది. ఆవిడ పోయిన రెండేళ్ళకు డబ్బొచ్చింది. అందులోనూ మూడో వంతు వకీలే పట్టుకెళ్ళాడు. ఆ డబ్బుతో ఆవిడకు ఒక్క పూట అన్నం పెట్టగలిగారా?

సునీత: లేదు. వచ్చిన దాంట్లో ఇంత శాతం ఇవ్వాలని వకీలు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. అయినా జరుగుతోంది. అందుకే మనం ముందే ఫీజు ఇంత అని తేల్చుకుని కాగితం రాయించుకుందాం. ఆలస్యం సంగతి కూడా నిజమే. ఒక్కటి మాత్రం విను. వేసిన రోజు నుంచి వడ్డీ లెక్క కడతారు, ఎక్కువ తీర్పుల్లో ఆరు నుంచి తొమ్మిది శాతం దాకా. వెయ్యకుండా కూర్చున్న రోజులకు మాత్రం ఏమీ రాదు.

వెంకయ్య: అయితే సంవత్సరీకం అవనీ. ఏడాది తిరక్కుండా ఇంట్లో కేసులూ కోర్టులూ ఏమిటి? వాడి ఆత్మ శాంతించాక చూద్దాం.

సునీత: అక్కడే పెదనాన్నా, అక్కడే ఇళ్ళకు ఇళ్ళు మునిగిపోతున్నాయి. చట్టం మనకిచ్చింది ఏడాది కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారు, ఆ మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు, ఇలాంటి కేసుల్లో పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వెయ్యాలి. అంతకుముందు చాలా ఏళ్ళు గడువే లేదు. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళంతా నీలాగే, తొందరేముంది, ఏడాది తిరగనీ అంటారు. వాళ్ళు చూసిన కాలంలో అది సరైన మాటే. ఆ గడువు న్యాయం కాదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు కానీ, దాన్ని నమ్ముకుని మనం కూర్చోలేం. నాలుగు నెలల పది రోజులు అయిపోయాయి. సంవత్సరీకం దాకా ఆగితే శాంతించేది శీనన్న ఆత్మ కాదు, ఆ లారీ ఓనరు. ఆయన తొందర ఎందుకో నీకు చెప్పారా?

వెంకయ్య: తప్పు చేశాడు, భయపడ్డాడు. ఇంకేముంటుంది?

సునీత: ఆ రాత్రి లారీ నడిపింది డ్రైవరు కాదు. డ్రైవరు వెనక పడుకుంటే క్లీనరు కుర్రాడు నడిపాడు. టీ కొట్టు వాళ్ళు పట్టుకుని పోలీసులకు అప్పగించారు కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో వాడి పేరే పడింది. వాడికి లైసెన్సే లేదు. లారీకి ఇన్సూరెన్స్ ఉంది. మామూలుగా అయితే కంపెనీ కట్టేస్తుంది, ఓనరుకు చేతి నుంచి పైసా పడదు. కానీ లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చాడని తేలితే, ముందు చనిపోయినవాళ్ళ కుటుంబానికి కంపెనీ కట్టి, తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతున్నాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి అది. అంటే మనం కేసు వేస్తే ముప్పై లక్షల దాకా ఆయన నెత్తిన పడవచ్చు. అందుకని నాలుగు లక్షలు పట్టుకుని, చెప్పులు విడిచి వచ్చాడు. ఆ నాలుగు లక్షలతోపాటు ఒక కాగితం కూడా తెచ్చాడుగా?

వెంకయ్య: రాజీ కాగితం. ఇక మాకు ఏ బాకీ లేదని.

సునీత: సంతకం పెట్టావా?

వెంకయ్య: లేదు. రమణ ఏడుస్తూ లోపలికి పోయింది. పెద్దమనుషులు మళ్ళీ వస్తామన్నారు.

సునీత: పెట్టకు. ఎవరి తప్పూ నిరూపించకపోయినా చనిపోయిన మనిషి కుటుంబానికి ఐదు లక్షలు ఇవ్వాలని చట్టంలో 164వ సెక్షన్ ఉంది. ఏ వాదనా లేకుండా వచ్చేదాని కన్నా లక్ష తక్కువ ఇచ్చి మన నోరు మూయిస్తున్నాడు. కానీ ఆ ఐదు లక్షలు తీసుకుంటే పెద్ద పిటిషన్ పోతుంది, రెండూ కుదరవు. మనం వెయ్యాల్సింది తప్పు నిరూపించి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షన్ కింద.

వెంకయ్య: ముప్పై లక్షలన్నావు. ఎక్కడి లెక్క అది? వాడు తాపీ పని చేసేవాడు, కలెక్టరు కాదు.

సునీత: ఆ లెక్క ఎవరి ఇష్టం వచ్చినట్టు వేసేది కాదు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు పద్ధతి పెట్టింది. అన్నకు నెలకు పదిహేను వేలు వచ్చేవనుకో. వయసు నలభై లోపు, సొంత పని కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద నలభై శాతం కలుపుతారు. ఇరవై ఒక్క వేలు. అందులో తన సొంత ఖర్చు తీసేస్తారు. ఆధారపడ్డవాళ్ళు నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నాలుగో వంతు తీస్తారు. పదిహేను వేల ఏడు వందల యాభై మిగులుతుంది. పన్నెండు నెలలకు లక్షా ఎనభై తొమ్మిది వేలు. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు ఏళ్ళ మధ్య వాళ్ళకు దాన్ని పదహారుతో హెచ్చించాలి. ముప్పై లక్షల ఇరవై నాలుగు వేలు. అంత్యక్రియల ఖర్చు, ఇంకా కొన్ని దీని మీద కలుస్తాయి. పదిహేను వేలకు రుజువు లేదని కోర్టు పది వేలే ఒప్పుకున్నా ఇరవై లక్షల పదహారు వేలు వస్తుంది. ఇది శవానికి రేటు కాదు పెదనాన్నా. ఇంకో ఇరవై, ఇరవై అయిదేళ్ళు శీనన్న ప్రతి శనివారం కూలి డబ్బు తెచ్చి రమణ చేతిలో పెట్టేవాడే, అది. ఆ డబ్బు పిల్లలది. వద్దనే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

వెంకయ్య: నలుగురు అన్నావు. ఎవరు వాళ్ళు?

సునీత: రమణ, ఇద్దరు పిల్లలు, పెద్దమ్మ.

వెంకయ్య: నేను?

సునీత: తండ్రి మామూలుగా తన సంపాదన మీద బతుకుతాడని కోర్టులు అనుకుంటాయి. వేరే రుజువు చూపిస్తే తప్ప ఆధారపడ్డవాడిగా లెక్కపెట్టరు.

వెంకయ్య: చూశావా. వాణ్ణి కన్నవాణ్ణి, చితికి నిప్పు పెట్టినవాణ్ణి, మీ లెక్కలో నేను లేను. ఈ కాగితాల మీద నన్ను సంతకం పెట్టమంటున్నావు.

సునీత: మాట జారాను, క్షమించు. కొడుకు పోయిన తండ్రికి కూడా ఆ ఎడబాటుకు పరిహారం ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నలభై వేలు, మూడేళ్ళకోసారి పది శాతం పెంచుతారు. అది నీ దుఃఖానికి సరిపోదు. నాకు తెలుసు.

వెంకయ్య: వద్దులే. అసలు ఆ డబ్బొచ్చాక జరిగేదేమిటో చెప్పనా? రమణకు ఇరవై తొమ్మిదేళ్ళు. వాళ్ళ అన్నలు వచ్చి తీసుకుపోతారు. డబ్బూ పోతుంది, నా మనవలూ పోతారు. ఈ ముసలిదీ నేనూ గోడలు చూస్తూ కూర్చోవాలి.

సునీత: అదా భయం? డబ్బు లేకపోతే ఉంటుందనుకుంటున్నావా? చేతిలో ఏమీ లేకపోతేనే పుట్టింటికి పోవాల్సి వస్తుంది.

వెంకయ్య: నువ్వు నాకు రమణ గురించి చెప్పక్కర్లేదు. మీ నాన్నకు అన్న కొడుకు మీద ఇంత ప్రేముంటే పెద్దకర్మకు వచ్చి అర గంటలో లేచి పోయేవాడా? బోరు నీళ్ళ దగ్గర పడ్డ మాట శవం లేచిన ఇంట్లోనా చూపించేది?

సునీత: మా నాన్న లేచి పోలేదు. నువ్వే భోజనానికి రమ్మని అడగలేదు. ఆయన గేటు బయట గంట సేపు నిలబడ్డాడు.

వెంకయ్య: అడిగితేనే తినాలా? వాడు శీనును ఎత్తుకు పెంచినవాడు.

సునీత: అడగాలి పెదనాన్నా. నాలుగేళ్ళు మాటల్లేకుండా ఉన్న తమ్ముణ్ణి అడగాలి. ఆ బోరు మోటారు డబ్బులు మా నాన్నే కట్టాడు, శీనన్నకు తెలుసు. ఇద్దరి మధ్యా తిరిగి అన్నే సర్దేవాడు. ఇప్పుడు సర్దేవాడు లేడు.

వెంకయ్య: ...ఆ సంగతి వదిలెయ్.

సునీత: వదిలేస్తా. మనవల భయం సంగతి చెబుతాను. పిల్లల వాటా ఎవరి చేతికీ ఇవ్వరు. 1993లో కేరళ ఆర్టీసీ మీద వచ్చిన సుసమ్మ థామస్ కేసు నుంచి పద్ధతి ఉంది. మైనర్ల వాటా బ్యాంకులో డిపాజిట్ వేయిస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆ డబ్బు వాళ్ళ పేరనే ఉంటుంది. మేనమామలూ తియ్యలేరు, నువ్వూ తియ్యలేవు. మీ నాలుగు లక్షలైతే? ఓనరు నోట్ల కట్టలు ఇస్తాడు. పెద్దమనుషులకు కొంత, అప్పులకు కొంత, దీపావళి నాటికి ఏముంటుంది?

వెంకయ్య: పెళ్ళికి చేసిన అప్పు ఇంకా రెండు లక్షలుంది. అది నిజం. మరి ఆ క్లీనరు కుర్రాడి సంగతి? వాడికి పంతొమ్మిదేళ్ళట. వాళ్ళమ్మ మొన్న స్టేషన్ దగ్గర నా కాళ్ళు పట్టుకుంది. మనం కేసు వేస్తే వాడి బతుకు పోదా? నా కొడుకు పోయాడని ఇంకొకడి కొడుకునూ...

సునీత: మన పిటిషన్ వాడి మీద శిక్ష కోసం కాదు. పోలీసు కేసు వేరు. కొత్త శిక్షల చట్టం, భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద, ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. అది సర్కారు నడిపేది, మనం రాజీ పడ్డా చట్టప్రకారం పోదు. ట్రిబ్యునల్‌లో డబ్బు కట్టాల్సింది కంపెనీ, ఆ తర్వాత ఓనరు. కూలి తక్కువని లైసెన్స్ లేని పిల్లాడి చేతికి అర్ధరాత్రి స్టీరింగ్ ఇప్పించిన వ్యాపారానికి ఖర్చు తగలాలి. తగలకపోతే రేపు ఇంకో క్లీనరు, ఇంకో శీను. ఆ తల్లి మీద నీకున్న జాలి నాకూ ఉంది. కానీ ఆ జాలి పేరు చెప్పి ఓనరు తప్పించుకుంటున్నాడు.

వెంకయ్య: హెల్మెట్ లేదమ్మా వాడికి. ఎన్నిసార్లు చెప్పాను.

సునీత: తెలుసు. దాని మీద వాళ్ళు వాదిస్తారు. కొంత తగ్గించమని అడుగుతారు. కానీ పోస్టుమార్టం రిపోర్టులో రాసింది చూశాను. అన్న పోయింది తలకు దెబ్బ తగిలి కాదు. చక్రం ఎక్కింది ఛాతీ మీద. హెల్మెట్ ఉన్నా...

వెంకయ్య: ఆపు.

సునీత: ఆపేశాను.

వెంకయ్య: ...వాడి సంపాదనకు కాగితం ఎక్కడుంది? కూలి పని. చేతికి ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాడు.

సునీత: చివరి రెండేళ్ళుగా కాంట్రాక్టరు ఫోన్‌పేలో వేస్తున్నాడు. రమణ బ్యాంకులో స్టేట్‌మెంట్ తీయించింది. కాంట్రాక్టరు వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు. లేబర్ కార్డు ఉంది. భవన నిర్మాణ కార్మికుల బోర్డు సాయానికి వేరేగా పెట్టాలి, అదీ రాస్తాను. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు నా దగ్గరున్నాయి. ఛార్జిషీటు కాపీ రావాలి. 2022 నుంచి పోలీసులే 48 గంటల్లో మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలని రూలు వచ్చింది కానీ, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. ప్రమాదం జరిగిన చోటే కేసు వెయ్యాలని కూడా లేదు, మనం ఉండే చోట వెయ్యొచ్చు. మధ్యలో కంపెనీ మంచి మొత్తానికి వస్తే లోక్ అదాలత్‌లో రాజీ పడదాం. నేను రాజీకి వ్యతిరేకం కాదు. తెల్ల కాగితం మీద రాజీకి వ్యతిరేకం.

వెంకయ్య: నేను సంతకం పెట్టకపోతే? రమణ ఒక్కతే వేసుకోవచ్చుగా.

సునీత: వేసుకోవచ్చు. కానీ వారసులందరి తరఫునా వెయ్యాలి. కలిసిరాని వారసుణ్ణి వదిలెయ్యడానికి లేదు, ప్రతివాదిగా చేర్చాలని ఆ 166వ సెక్షన్‌లో ఉంది.

వెంకయ్య: ప్రతివాది అంటే?

సునీత: ఎదుటి పక్షం. ఒకటో ప్రతివాది లారీ ఓనరు, రెండు ఇన్సూరెన్స్ కంపెనీ. మూడో పేరు నీది. రాయాల్సింది నేనే పెదనాన్నా. రెండు రోజులుగా ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

వెంకయ్య: ...

సునీత: పెద్దమ్మ వేలిముద్ర వేస్తానంది. నిన్ను అడగమంది.

వెంకయ్య: పెద్దమనుషులు శుక్రవారం వస్తామన్నారు.

సునీత: రానీ. మంచినీళ్ళిచ్చి పంపించు.

వెంకయ్య: సూర్యాపేటకు ఏ రోజు రావాలి?

సునీత: సోమవారం. ఆధార్ కార్డు, రెండు ఫొటోలు తెచ్చుకో. మా నాన్న ఆటో తీసుకొస్తాడు, అందరం అందులోనే పోదాం.

వెంకయ్య: పొద్దున్నే రమ్మను. ఇక్కడే తిని బయల్దేరొచ్చని చెప్పు.