శార్దూలంలో ఎత్తుకొని ఆటవెలదిలో దించాం

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాలలో అష్టావధానం చూసినవారికి అప్రస్తుత ప్రసంగం దగ్గర పేలిన నవ్వు గుర్తుండే ఉంటుంది. దత్తపదిలో మూడో పాదం నడుస్తుండగా పృచ్ఛకులు అడ్డు తగిలి, "అయ్యా, హైదరాబాదు నుంచి డాలస్‌కు తమ ప్రయాణం ఏ ఛందస్సులో సాగింది?" అని అడిగారు. అవధానిగారు క్షణం కూడా తడుముకోకుండా, "శార్దూలంలో ఎత్తుకొని ఆటవెలదిలో దించారు నాయనా, యతి మాత్రం గల్ఫులో పడింది" అన్నారు. సభ సభంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు, ఎందుకంటే ఆ టికెట్టు కొన్నవాణ్ణి నేనే.

ఆ తర్వాత వందన సమర్పణలో "బిజినెస్ క్లాసులో సగౌరవంగా రప్పించుకున్న అవధానిగారికి" అన్న మాట మైకులో వినిపించినప్పుడు, వెనక వరుసలో కుర్చీలు సర్దుతున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అవధానిగారు శాలువా అంచు సవరించుకుంటూ చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు గురించే ఈ వ్యాసం.

జనవరిలో కార్యవర్గ సమావేశం యథాప్రకారం ఒకరి ఇంట్లో, మిర్చి బజ్జీల మధ్య జరిగింది. అవధానిగారికి 74 ఏళ్లనీ, రెండేళ్ల కిందట మోకాలికి ఆపరేషన్ అయిందనీ అందరికీ తెలుసు. బిజినెస్ క్లాసు టికెట్టు ధర చూసి కోశాధికారిగారు తల పట్టుకున్నారు. అప్పుడు మన పాత సభ్యులొకరు పెద్ద మనసుతో, "విమాన ప్రయాణాలకు జమ అయిన మైళ్లు నా ఖాతాలో లక్షా ఇరవై వేలున్నాయి, ఎకానమీ టికెట్టు కొనండి, వాటితో బిజినెస్‌కు అప్‌గ్రేడ్ నేను చేయిస్తాను" అన్నారు. అందరం తేలికపడ్డాం. మర్నాడే నేను మనవాళ్ల ట్రావెల్ ఏజెంటుతో బేరమాడి, దొరికినవాటిలో అతి చౌకైన టికెట్టును 1,180 డాలర్లకు కొని, ఆ సాయంత్రమే అవధానిగారికి ఫోన్ చేసి శుభవార్త చెప్పాను. ఫోను వారి శ్రీమతిగారు అందుకున్నారు. "పడుకోవడానికి వీలుంటుందట కదా బాబూ, ఆయన మోకాలు ఎక్కువసేపు ముడిచి ఉంచకూడదన్నారు డాక్టరుగారు" అన్నారు. "ఏమీ బెంగపెట్టుకోకండమ్మా" అన్నాను.

వారం తర్వాత మైళ్ల కోసం విమాన సంస్థకు ఫోన్ చేసి, 50 నిమిషాలు సంగీతం విన్నాక, అవతలి అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "మీ టికెట్టు మీద ఏ అక్షరం ఉంది?" పాతికేళ్లుగా ఏటా ఇండియాకు టికెట్లు కొంటున్నాను, అమ్మానాన్నలను రప్పించాను, అత్తమామలను పంపించాను, ఎవరి టికెట్టు మీదా ఆ అక్షరం చూసిన పాపాన పోలేదు. విమానం నంబరు పక్కనే, 'క్లాస్' అన్న మాట కింద, 'ఎల్' అని ఉంది. "ఈ అక్షరానికి మైళ్లతో అప్‌గ్రేడ్ లేదండీ" అంది ఆ అమ్మాయి. పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని తప్పించుకుంటూ పద్యం చెప్పే నిషిద్ధాక్షరి అవధానంలో నాకు ఇష్టమైన అంశం. నా చేతిలోని టికెట్టే ఒక నిషిద్ధాక్షరి అని ఆ రోజు తెలిసింది.

ఎకానమీ అంటే ఒకే తరగతి అని మనలో చాలామంది అనుకుంటారు. కూర్చోవడానికి అది ఒకటే తరగతి, అమ్మకానికి మాత్రం పది పన్నెండు తరగతులు. పక్కపక్కన కూర్చున్న ముగ్గురికి ఒకే మెత్త, ఒకే భోజనం, ఒకే టీవీ ఉన్నా, ఒకరిది 'వై', ఒకరిది 'ఎమ్', ఒకరిది 'ఎల్' కావచ్చు. రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుంది, తేదీ మార్చుకోవచ్చా, ఎన్ని మైళ్లు జమ అవుతాయి, పై తరగతికి వెళ్లే అర్హత ఉందా అన్నవన్నీ ఆ అక్షరమే నిర్ణయిస్తుంది. 'వై' అంటే పూర్తి ఛార్జీ ఎకానమీ అనీ, 'జె', 'సి' అంటే బిజినెస్ అనీ దాదాపు అన్ని సంస్థలకూ చెల్లుతుంది కానీ, తక్కిన అక్షరాలకు ఏ సంస్థ అర్థం దానిదే. ఉదాహరణకు యునైటెడ్‌లో 'ఎన్' అంటే బేసిక్ ఎకానమీ, దానికి అప్‌గ్రేడ్ మాటే లేదు. హైదరాబాదు నుంచి లండన్ మీదుగా వచ్చే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో 'క్యూ', 'ఓ', 'జి' అక్షరాల టికెట్లను ఏవియోస్‌తో, అంటే వారి మైళ్లతో, పైకి జరపనివ్వరు. జరపనిచ్చే అక్షరాలకైనా ఒక్క మెట్టే, ఎకానమీ నుంచి ప్రీమియం ఎకానమీకి. ఈ నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కనుక కొనే రోజున చూసుకోవడమే దారి.

ఇదంతా విమాన సంస్థల మాయోపాయమని కోపగించుకునేవారికి, మన రైళ్లలో ఇంతకంటే సరళమేమీ లేదని గుర్తుచేస్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే బోగీకి జనరల్ కోటా, పూల్డ్ కోటా, తత్కాల్ అని వేర్వేరు వరుసలుంటాయనీ, ఒక వరుసలో 5వ నంబరు వెయిటింగ్‌కు బెర్తు దొరికినా ఇంకో వరుసలో 2వ నంబరుకు దొరకకపోవచ్చనీ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రైల్వే వారి ఆటో అప్‌గ్రేడేషన్ గడిలో టిక్కు పెడితే, పై తరగతిలో ఖాళీ ఉంటే స్లీపరు ప్రయాణికుణ్ణి అదనపు ఛార్జీ లేకుండా ఏసీ బోగీలోకి పంపుతారు. అయితే అది పూర్తి ఛార్జీ కట్టినవారికే తప్ప రాయితీ టికెట్ల వారికీ, పాసుల వారికీ వర్తించదు. సికింద్రాబాదు స్టేషన్లో చక్కగా అర్థమైన ఈ సూత్రాన్ని శంషాబాదులో ఎందుకు మరచిపోతామో నాకు ఇప్పటికీ బోధపడదు.

విమానాలలో ఈ అక్షరాల జాతర ముదిరిన కథ పెద్దదే కానీ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1978లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి విమాన ఛార్జీల మీద తన అదుపును తొలగించుకోవడం మొదలుపెట్టింది. చౌక సంస్థల పోటీని తట్టుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 జనవరిలో 'అల్టిమేట్ సూపర్ సేవర్' ఛార్జీలు ప్రకటించింది. ముందుగా కొనుక్కునే సంసారికి చౌకగా, రేపే వెళ్లి తీరాల్సిన వ్యాపారికి ఖరీదుగా, ఒకే విమానంలోని సీట్లను ఎన్నెన్ని ఏ ధరకు అమ్మాలో రోజూ లెక్కగట్టే పద్ధతి అలా బలపడింది. అదే సంస్థ 1981లో మైళ్ల పథకం మొదలుపెట్టి ఉండటం వల్ల, చౌక టికెట్టుకూ మైళ్లకూ మధ్య కంచె వేయడమూ అవసరమైంది. ఆ కంచెకే మన మోకాలు తగిలింది.

ఇక అక్షరం అనుకూలించినంత మాత్రాన పని అయిపోదు. బిజినెస్‌లో సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా, అప్‌గ్రేడ్‌ల కోసం వేరుగా పెట్టే వాటాలో సీటు ఉండాలి. లేకపోతే నిరీక్షణ జాబితాలో చేరాలి. ఆ జాబితాలో ముందు నిలిచేది సాధారణంగా తరచూ ప్రయాణించే సభ్యులు. సమాన స్థాయి ఉన్నవారి మధ్య ఎవరి టికెట్టు అక్షరం ఖరీదైనదో చాలా సంస్థలు అక్కడ మళ్లీ చూస్తాయి. కొన్ని సంస్థలు మైళ్లతో పాటు కొంత సొమ్ము కూడా అడుగుతాయి. ఒక సంస్థ అమ్మి మరొక సంస్థ నడిపే కోడ్‌షేర్ విమానమైతే మైళ్లు ఏ ఖాతావైనా చెల్లకపోవచ్చు. మన ఏజెంట్లు తక్కువకు ఇచ్చే గుంపు ఛార్జీ, హోల్‌సేల్ ఛార్జీ టికెట్లకైతే తరచుగా ఏ సౌకర్యమూ ఉండదు. మన ఏజెంటు తప్పేమీ లేదు, నేను ధర ఒక్కటే అడిగాను, అతను ధర ఒక్కటే చెప్పాడు.

అవధానిగారికి మాట ఇచ్చేశాను కనుక చివరి అస్త్రంగా, బిజినెస్ సీట్ల అప్‌గ్రేడ్ కోసం విమాన సంస్థ పెట్టే వేలంలో పాల్గొన్నాను. మైళ్లకు పనికిరాని అక్షరం డబ్బుకు పనికివచ్చింది. రెండు విమానాలకూ విడివిడిగా పాట పెట్టాను. ప్రయాణానికి రెండు రోజుల ముందు జవాబు వచ్చింది, హైదరాబాదు నుంచి గల్ఫు దాకా ఉన్న నాలుగు గంటల ప్రయాణానికి పాట ఖాయమైంది, అక్కడి నుంచి డాలస్ దాకా ఉన్న 16 గంటల ప్రయాణానికి కాలేదు. ఆ సంగతి వెంటనే ఫోన్ చేసి చెప్పాల్సింది. గేటు దగ్గర ఏదైనా అద్భుతం జరుగుతుందేమోనని చెప్పలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు అదే, అక్షరం చూడకపోవడం కాదు.

విమానాశ్రయంలో అవధానిగారు చక్రాల కుర్చీలో వచ్చారు. పాదాలు వాచి చెప్పులు పట్టక, వాటిని ఒళ్లో పెట్టుకుని, విమానంలో ఇచ్చిన మేజోళ్లతోనే ఉన్నారు. "చాలా సౌకర్యంగా తీసుకొచ్చారు నాయనా" అన్నారు. కారులో మెల్లగా విషయం బయటపడింది. మొదటి విమానంలో ఎయిర్‌హోస్టెస్ పడక పరుస్తానంటే, అసలు ప్రయాణం ముందుంది కదా, అప్పుడు పడుకుందామని కూర్చునే ఉన్నారట. రెండో విమానంలో మధ్య సీటు వచ్చింది.

మన బేరాల అలవాటును నేను వెనకేసుకు రాను. కిటికీలోంచి తువ్వాలు విసిరి ఆర్టీసీ బస్సులో సీటు ఆపిన జాతి మనది, ఎక్కితే చాలు, ఎవరో ఒకరు సర్దుకుంటారన్న ధీమా మన రక్తంలో ఉంది. మా నాన్నగారు అలా విసిరిన తువ్వాలు మీద నేను కూర్చుని, ఆయన గుడివాడ నుంచి విజయవాడ దాకా కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చిన ప్రయాణాలు ఎన్నో. ఆ తువ్వాలును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. విమానంలో మాత్రం తువ్వాలు విసరడానికి కిటికీ తెరుచుకోదు.

కోశాధికారిగారి పక్షం కూడా చెప్పాలి. సంఘం సొమ్ము సభ్యులు పదీ ఇరవై డాలర్ల చొప్పున ఇచ్చినది, లాభాపేక్ష లేని సంస్థకు ప్రతి ఖర్చుకూ లెక్క ఉంటుంది. ఒక్క అతిథికి బిజినెస్ టికెట్టు కొంటే పిల్లల తెలుగు బడి పుస్తకాల ఖర్చు తగ్గించుకోవాల్సి రావచ్చు. అది సబబైన వాదన. ఎకానమీలో రప్పించడం అవమానమని నేను అనడం లేదు, మన తల్లిదండ్రులందరూ అలాగే వస్తున్నారు. అయితే అప్‌గ్రేడ్‌కు అనుమతి ఉన్న అక్షరానికీ మనం కొన్న అక్షరానికీ ఆ రోజు తేడా 400 డాలర్ల చిల్లర. వేదిక మీద పూల తోరణాలకు అంతకంటే ఎక్కువ పెట్టాం. అదీ వద్దనుకుంటే, కాళ్లు చాపుకునే నడవ సీటు విడిగా కొనుక్కోవచ్చు. తిరుగు ప్రయాణం టికెట్టు మార్చడానికి వీల్లేక నేను చేసింది అదే, 190 డాలర్లయింది. వెళ్లేటప్పుడు అవధానిగారు చెప్పులు వేసుకునే దిగారని వారి శ్రీమతిగారు ఫోన్‌లో చెప్పారు.

కార్యవర్గానికి నా విన్నపం ఇదీ. అతిథికి ఆహ్వానం పంపేటప్పుడు ఏ తరగతిలో, ఏ అక్షరం మీద టికెట్టు కొంటున్నామో అందులోనే రాయండి. చేతికి రాని అప్‌గ్రేడ్‌ను మాటగా ఇవ్వకండి. వస్తే ఆనాడు సంతోషంగా చెప్పవచ్చు. మైళ్లు ఇస్తామన్న దాతను ముందుగా అడిగి, ఆ మైళ్లు ఏ సంస్థలో ఏ అక్షరానికి చెల్లుతాయో తెలుసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనండి. దసరాకు పిలవదలచిన హరికథా భాగవతారిణిగారికి 68 ఏళ్లట, టికెట్టు వచ్చే నెలలో కొంటారని విన్నాను. కొనే బొత్తం నొక్కేముందు విమానం నంబరు పక్కనున్న అక్షరం ఏమిటో నాకొకసారి చెప్పండి, అర్ధరాత్రి చేసినా ఫోన్ ఎత్తుతాను.