కథ తెలియకముందే పట్టేసిన పాట
రాక్ బ్యాండ్ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ పాట ‘గో యువర్ ఓన్ వే’ అంత హిట్ కావడానికి, ఆ బ్యాండ్‌లోనే ఉన్న ప్రేమజంట లిండ్సీ బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ విడిపోయిన కథే కారణమన్నారు నేను చదివిన ఒక వ్యాసంలో. నేను ఒప్పుకోను. హాస్టల్లో రూమ్మేట్ ఫోన్‌లో మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ కథ తెలియదు, మాటలు సగం అర్థం కాలేదు. అయినా వదల్లేదు, ఆ డ్రమ్స్ వల్ల. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ మామూలు రాక్ బీట్ వాయించకుండా టామ్స్ అనే డ్రమ్స్ మీద తడబడుతున్నట్టు దరువు వేస్తాడు. కోరస్ వచ్చేసరికి అంతా ఒక్కసారిగా దారిన పడుతుంది. కోపంలో ఉన్న మనిషి నడక అలాగే ఉంటుంది కదా! చివర్లో బకింగ్‌హామ్ గిటార్ సోలో అయితే మాటలు చాలక అరిచినట్టే. 1976 డిసెంబర్‌లో సింగిల్‌గా వచ్చి అమెరికాలో పదో స్థానం దాకా వెళ్లింది. కథ తెలిశాక నన్ను బాధపెట్టింది మాత్రం ఒకటుంది. బకింగ్‌హామ్ ఈ పాటలో స్టీవీ గురించి రాసిన ఒక లైన్ అబద్ధమని, తీసేయమని ఆమె అడిగినా అతను తీయలేదు. ఆ పాటకే ఆమె ఏళ్ల తరబడి స్టేజీ మీద అతని పక్కన నిలబడి గొంతు కలిపింది. ఆ ఓపిక గురించి వ్యాసంలో ఇంకాస్త రాయాల్సింది.