ఫైలు చెప్పిందే ఫోను

ఫోను అంటే గాజు తెర, బ్యాటరీ, లోపలో చిప్పు అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ లాంటి మొబైల్ లినక్స్ డిస్ట్రోలో, అంటే ఫోన్లలో నడిచే లినక్స్ సిస్టంలో, ఫోను అంటే డివైస్‌ఇన్ఫో అనే ఫైలు. తయారీదారు, కోడ్‌నేమ్, ఏ ఏడాదిది, ఫ్లాష్ చేసే (సిస్టం ఎక్కించే) పద్ధతి, అన్నీ అందులో ఉంటాయి. ఇలా వస్తువు గురించి రాసుకునే వివరాలనే మెటాడేటా అంటారు. చాసిస్ (పరికరం ఏ రకం) దగ్గర హ్యాండ్‌సెట్ అని రాస్తే అది హ్యాండ్‌సెట్. టాబ్లెట్ అని రాస్తే జేబులో పట్టినా టాబ్లెట్టే. పట్టిన జేబుదే తప్పు.

కోడ్ రాసేవాళ్లకు చప్పట్లు పడతాయి. డిస్ట్రోని నడిపేది మాత్రం, ఒక్కో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఏపీకేబిల్డ్ ఫైలు పైన ఉండే పది పదిహేను వరుసలు. ఆల్పైన్ అనే మరో లినక్స్ డిస్ట్రో నుంచి వచ్చిన ఆ పద్ధతిలో పీకేజీరెల్ అని ఒక అంకె ఉంటుంది. వెర్షన్ మారకుండా ప్యాకేజీలో ఏది మార్చినా దాన్ని ఒకటి పెంచాలి. కొత్త వెర్షన్ వస్తే మళ్లీ సున్నా. ఒకాయన నెలల తరబడి మోడెమ్‌తో కుస్తీపట్టి, ఫోను నిద్రలేచాక సిగ్నల్ పోకుండా చేసే ఒకే ఒక్క వరుస కనిపెట్టి పంపుతాడు. సమీక్షలో వచ్చే జవాబు: "పీకేజీరెల్ పెంచలేదు." అంతే. కుశల ప్రశ్నలు కూడా ఉండవు. ఉండకూడదు కూడా. ఆ అంకె పెరగకపోతే ఆయన మరమ్మతు రిపాజిటరీలో భద్రంగా ఉంటుంది, ఒక్క ఫోనుకీ చేరదు.

ఇక వివరణ. పీకేజీడెస్క్ అనే ఆ వరుస 128 అక్షరాలు దాటితే, ప్యాకేజీలు కట్టే అబిల్డ్ ఒప్పుకోదు. అదే ఫైలులో, దించుకున్న సోర్సు మారలేదని తేల్చే షా512 చెక్‌సమ్ ఉంటుంది, దాని పొడవు సరిగ్గా 128 అక్షరాలు. మనిషి చదివేదానికీ, ఏ మనిషీ చదవలేనిదానికీ సమాన వాటా. ఇంతకంటే సామాజిక న్యాయం ఏం కావాలి? 2023 జనవరిలో, లోకం తన కోడ్ దాచుకునే గిట్‌హబ్, సోర్సు మూటకట్టి ఇచ్చే ఆర్కైవ్‌లను కుదించే తీరు మార్చింది. లోపలి సోర్సు అక్షరం మారకపోయినా చెక్‌సమ్‌లు తప్పి లోకంలోని బిల్డులు వరసగా కూలాయి. ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో అది పొరపాటు. అంతమంది ఒకేరోజు మెటాడేటా వైపు చూడటం మళ్లీ ఎప్పుడు జరుగుతుంది?

లైసెన్సు గడి గురించి తగ్గు స్వరంతో మాట్లాడాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు జీపీఎల్ అయితే, జీపీఎల్-2.0 అని రాసి చేతులు దులుపుకునే రోజులు 2017 చివర్లో, లైసెన్సులకు ప్రామాణిక పేర్లిచ్చే ఎస్‌పీడీఎక్స్ జాబితా 3.0తోనే పోయాయి. "ఓన్లీ"నా (ఆ వెర్షన్ ఒక్కటే), "ఆర్ లేటర్"ఆ (తర్వాతివి కూడా) తేల్చాలి. రీడ్‌మీలో "జీపీఎల్" అని మాత్రమే ఉంటుంది. రాసినవాడు ఈమెయిల్‌కి పలకడు. అప్పుడు ప్యాకేజీ బాగోగులు చూసే మెయింటెయినర్ ఒక్కో ఫైలు నెత్తి మీది కామెంట్లు శాసనాల్లా చదువుకుంటూ పోతాడు.

యాప్‌లకు మొబైల్ హోదా ఇవ్వడం మాత్రం సులువు. యాప్ పేరూ ఐకానూ రాసి ఉండే డెస్క్‌టాప్ ఫైలులో ఎక్స్-ప్యూరిజమ్-ఫార్మ్‌ఫ్యాక్టర్ అనే వరుసలో "మొబైల్;" అని చేరిస్తే, ఫోను తెర మీద యాప్‌లను చూపే ఫాష్ దాన్ని ఫోనుకు తగిన యాప్‌గా చూపిస్తుంది. యాప్‌ను పరిచయం చేసే యాప్‌స్ట్రీమ్ ఫైలులోనైతే 360 పిక్సెళ్ల తెర చాలని ప్రకటించుకోవచ్చు. "సేవ్" బటన్ తెరకు కుడిపక్క ఎక్కడో గాలిలో ఉండొచ్చు గాక, ప్రకటన ప్రకటనే. ఫోను అడ్డం తిప్పి చూసుకోవడం వాడేవాడి ధర్మం.

అన్నిటికన్నా పైన "మెయింటెయినర్" అనే వరుస. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ఫోన్లకు పదేళ్ల ఆయుష్షు ఇస్తానని బయల్దేరింది. ఫోను సంగతి సరే, మెయింటెయినర్ ఓపిక ఎన్నేళ్లని ఎవరూ అడగలేదు. ఆయన ఆ ఫోను ఎప్పుడో అమ్మేశాడు, పేరు మాత్రం అక్కడే ఉంది. ఆ ఫోను కొన్నాయన తనకొచ్చిన సమస్య ఆయనకే రాస్తున్నాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఫైలుకీ ఫోనుకీ తేడా వస్తే ఇకపై ఫోనునే సవరించాలి. కాల్స్ రావడం లేదని ఫిర్యాదు చేసేవారు ముందుగా డివైస్‌ఇన్ఫో తెరిచి, అందులో కాల్స్ అనే గడే లేదని గమనించగలరు.