‘థ్రెడ్‌కో హీప్ ఇస్తే చాలు’ అన్న మాట నిలబడదు

“మల్టీథ్రెడ్ ప్రోగ్రామ్‌లో మాలాక్ నెమ్మదించేది ఒక్క లాక్ వల్లే. థ్రెడ్‌కో సొంత హీప్ ఇచ్చి ఆ లాక్ తీసేస్తే సరి. ఇంత తేలికైన పని ఎవరూ చేయలేదు.” ఈ మధ్య చాలామంది షేర్ చేస్తున్న మాట ఇది. (థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి. మాలాక్ మెమరీ ఇచ్చే ఫంక్షన్, ఫ్రీ దాన్ని తిరిగిచ్చేది, హీప్ ఆ మెమరీ వచ్చే నిల్వ. లాక్ అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం.) దీన్ని నమ్మి సర్వర్‌లో సొంత అలొకేటర్ (మెమరీ కేటాయించే కోడ్) పెట్టేవాళ్లు ఇబ్బంది పడతారు, అందుకే రాస్తున్నాను.

ముందుగా, ‘ఎవరూ చేయలేదు’ అన్నది అబద్ధం. గూగుల్ అలొకేటర్ టీసీమాలాక్ థ్రెడ్ క్యాష్‌తోనే, అంటే ప్రతి థ్రెడ్‌కూ ఖాళీ ముక్కల సొంత నిల్వతోనే పుట్టింది. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలోనూ 2017లో, 2.26 వెర్షన్‌తో, టీక్యాష్ అనే అలాంటి నిల్వే వచ్చింది. మామూలు చిన్న కేటాయింపులకు అక్కడ లాక్ అవసరమే పడదు.

ఇక అసలు సంగతి. రీడర్ థ్రెడ్ మెసేజ్‌కి మెమరీ తీసుకుంటుంది, వర్కర్ థ్రెడ్ పని ముగించి ఫ్రీ చేస్తుంది. ఆ ముక్క ఎవరి హీప్‌లోకి పోవాలి? వర్కర్ హీప్‌లోకి పోతే అక్కడ ఖాళీ ముక్కలు పేరుకుపోతుంటాయి. రీడర్ మాత్రం ప్రతిసారీ కొత్త మెమరీ కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతూనే ఉంటుంది. ఒక సమయంలో నిజంగా వాడేది ఒక్క మెగాబైటే అయినా ప్రాసెస్ సైజు పెరుగుతూ పోతుంది. లీక్ ఎక్కడా దొరకదు, ఎందుకంటే ప్రతి ముక్కనూ ఫ్రీ చేశారు! 2000లో వచ్చిన హోర్డ్ అలొకేటర్ ప్రధానంగా పట్టించుకున్న సమస్యల్లో ఇదొకటి. హీప్‌లో ఖాళీ హద్దు దాటితే అది ఒక సూపర్‌బ్లాక్‌ను (చాలా ముక్కలుండే పెద్ద మెమరీ బ్లాక్‌ను) అందరికీ ఉమ్మడిగా ఉండే హీప్‌కు తిరిగిచ్చేస్తుంది.

పోనీ, ముక్కను రీడర్‌కే తిప్పి పంపుదామా? అప్పుడు రీడర్ ఖాళీ ముక్కల లిస్ట్‌ను రెండు థ్రెడ్లు ముట్టుకుంటాయి, వాటి మధ్య మళ్లీ సమన్వయం కావాలి. మీమాలాక్ అనే అలొకేటర్‌లో ప్రతి పేజీకీ (ఒకే సైజు ముక్కలుండే మెమరీ భాగానికీ) బయటి థ్రెడ్ల ఫ్రీల కోసం వేరే లిస్ట్ ఉంటుంది. ఆ థ్రెడ్లు అందులో అటామిక్‌గా, అంటే మధ్యలో మరో థ్రెడ్ దూరలేని ఒకే అడుగులో, చేరుస్తాయి, సొంతదారు థ్రెడ్ అవసరమైనప్పుడు మొత్తం ఒకేసారి లాక్కుంటుంది. అంటే సింక్రనైజేషన్ (థ్రెడ్ల మధ్య సమన్వయం) మాయమైపోలేదు, అరుదుగా నడిచే దారిలోకి మారింది. నా దృష్టిలో అలొకేటర్ రాయడంలో అసలు పనితనం ఇదే. సొంతదారు థ్రెడ్ ముగిసిపోతే దాని పేజీలను ఎవరు చూసుకోవాలన్నది మరో చిక్కు.

లాక్ లేకపోతే థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డు రావన్నదీ నిజం కాదు. ఎక్స్86 ప్రాసెసర్లలో క్యాష్ లైన్, అంటే కోర్ తన క్యాష్‌లోకి ఒకేసారి తెచ్చుకునే మెమరీ భాగం, 64 బైట్లు. ఒకే లైన్‌లోని రెండు 16 బైట్ల ముక్కలు రెండు థ్రెడ్ల చేతికి వెళ్తే, వాళ్లు రాసిన ప్రతిసారీ ఆ లైన్ కోర్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది.

ఆ మాటకు సాక్ష్యంగా చూపే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) మాలాక్ చేసి వెంటనే అదే థ్రెడ్‌లో ఫ్రీ చేస్తుంది. అది కొలిచేది ఖాళీ ముక్కల లిస్ట్ మొదట్లోంచి ఒక ముక్క తీసి, మళ్లీ అక్కడే పెట్టడాన్నే. ఒక థ్రెడ్‌లో తీసుకుని మరో థ్రెడ్‌లో ఫ్రీ చేస్తూ గంటలకొద్దీ నడిపి, ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ నిజంగా ఆక్రమించిన ర్యామ్) గ్రాఫ్ చూపించండి.