షుగర్ ఫైల్లో నిద్ర లెక్క ఏదీ?

షుగర్ వచ్చిన మనిషి ఫైలు ఏడాది తిరిగేసరికి లావెక్కుతుంది. పరగడుపు షుగర్, తిన్న రెండు గంటలకు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బీపీ, బరువు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్... ఒక్కోదానికి ఒక్కో కాగితం. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, గురక ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు మాత్రం ఆ ఫైల్లో ఎంత వెతికినా దొరకదు. చాలాసార్లు డాక్టర్ అడగరు, పేషెంటుకు చెప్పాలని తోచదు. తిండి తగ్గించండి, నడవండి, మందు మానకండి అన్నదాంతో సరి. ఈ మూడింటి సరసన నిద్రను నాలుగోదిగా నిలబెట్టనంత కాలం షుగర్‌కు జరుగుతున్నది ముప్పాతిక వైద్యమే.

నిద్రకూ షుగర్‌కూ లంకె ఉందన్న సంగతి కొత్తదేమీ కాదు. అమెరికా, యూరప్ మధుమేహ సంఘాలు 2022లో కలిసి ఇచ్చిన చికిత్సా నివేదికలో వ్యాయామంతో పాటు నిద్రకూ చోటిచ్చాయి. అదే ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి చూసే ఏడు అంశాలకు ఎనిమిదోదిగా నిద్రను చేర్చింది. కాగితం మీద గుర్తింపు వచ్చింది. ఓపీ గదిలోకి ఇంకా రాలేదు.

ఎందుకు రావాలో తెలియాలంటే 1999లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగాన్ని చూడాలి. 11 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను తీసుకున్నారు. ఎవరికీ షుగర్ లేదు. వరుసగా ఆరు రాత్రులు మంచం మీద నాలుగు గంటలే ఉండనిచ్చారు. తర్వాత నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కించి, అది రక్తం నుంచి ఎంత వేగంగా తగ్గుతుందో కొలిచారు. కంటినిండా నిద్రపోయిన రోజులతో పోలిస్తే ఆ వేగం దాదాపు 40 శాతం పడిపోయింది. మంచి వయసులో ఉన్న శరీరం, ఆరు రాత్రుల్లో, షుగర్ తొలిదశకు దగ్గరగా వెళ్లిపోయింది. సాయంత్రానికి తగ్గాల్సిన కార్టిసాల్ హార్మోను తగ్గకుండా ఉండిపోయింది. ఈ హార్మోను ఎక్కువగా ఉంటే కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, ఇన్సులిన్ మాట కండరాలు సరిగ్గా వినవు.

ఇంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది అదే యూనివర్సిటీ వాళ్లు 2008లో ప్రచురించిన మరో ప్రయోగం. ఈసారి నిద్ర గంటలు తగ్గించలేదు. పడుకున్నవాళ్లు గాఢనిద్రలోకి జారుతున్నారని మెదడు తరంగాల్లో కనపడగానే స్పీకర్లో శబ్దం వినిపించారు. పూర్తిగా మెలకువ వచ్చేంత గట్టిగా కాదు, గాఢనిద్ర పలచబడేంత. తొమ్మిది మంది, మూడు రాత్రులు. మొత్తం నిద్ర సమయం అంతే ఉంది. అయినా ఇన్సులిన్‌కు శరీరం స్పందించే గుణం సుమారు 25 శాతం తగ్గింది.

"నేను ఎనిమిది గంటలు పడుకుంటాను, నాకేం ఇబ్బంది లేదు" అనుకునే లక్షలమందికి ఈ ప్రయోగమే సమాధానం. స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకు ప్రతి రాత్రీ జరిగేది దాదాపు ఇదే. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా శ్వాస ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి గొంతు కండరాలను బిగిస్తుంది, మళ్లీ గురక మొదలవుతుంది. తీవ్రంగా ఉన్నవాళ్లకు గంటకు 30 సార్లు, అంతకంటే ఎక్కువ కూడా జరుగుతుంది. పొద్దున్నే లేచాక వాళ్లకు ఏదీ గుర్తుండదు. తలనొప్పి, పగటి కునుకు, ఎక్కడలేని నీరసం మాత్రం మిగులుతాయి. పక్కన పడుకున్న మనిషికి తెలిసినంత కూడా డాక్టరుకు తెలియదు. లావుగా ఉండి షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య చాలా ఎక్కువ. అయినా గురక గురించి ఒక్క ముక్క అడగకుండానే మందు డోసు పెరుగుతుంది.

ఆకలి సంగతీ అంతే. 2004లో ప్రచురించిన ప్రయోగంలో రెండు రాత్రులు నాలుగేసి గంటలకు నిద్ర కుదిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. అలాంటి శరీరంతో ఉన్న మనిషిని "నోరు కట్టుకోలేవా" అని నిలదీస్తే అది వైద్యం అవుతుందా? ఆ మాట అనే ముందు రాత్రి ఎలా గడిచిందో అడగాలి.

పైగా ఇది ఒకవైపు దెబ్బ కాదు. షుగర్ 180 దాటితే గ్లూకోజ్ మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. రాత్రి నాలుగుసార్లు లేవాలి, నోరు పిడచకట్టుకుపోతుంది, నరాలు దెబ్బతిన్నవాళ్లకు అరికాళ్లు మండుతూ కునుకు పట్టనివ్వవు. షుగర్ నిద్రను పాడుచేస్తుంది, పాడైన నిద్ర మర్నాడు షుగర్‌ను పెంచుతుంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ప్రయోగాలన్నీ చిన్నవి, కొద్దిరోజులవి, నాలుగు గంటల నిద్ర మరీ విపరీతం అంటారు. ఎక్కువ నిద్రపోయేవాళ్లలోనూ షుగర్ ఎక్కువే కనిపిస్తోందంటారు. అప్నియాకు, గాలి ఒత్తిడితో శ్వాసదారిని తెరిచి ఉంచే సీప్యాప్ మాస్కు పెట్టినా కొన్ని అధ్యయనాల్లో హెచ్‌బీఏ1సీ తగ్గలేదనీ గుర్తుచేస్తారు. వాస్తవమే. కానీ అతినిద్ర చాలాసార్లు లోపలున్న మరో జబ్బుకు లక్షణం. మాస్కు రాత్రిలో మూడు నాలుగు గంటలకే తీసేస్తే అది పనిచేయలేదని తేల్చడం న్యాయం కాదు. ఇక విపరీతమన్న అభ్యంతరానికి 2023లో వచ్చిన అధ్యయనం జవాబిచ్చింది. 38 మంది మహిళలు ఆరు వారాల పాటు రోజూ గంటన్నర నిద్ర తగ్గించుకుంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ మాట శరీరం వినకపోవడం, సుమారు 15 శాతం పెరిగింది. మెనోపాజ్ దాటినవాళ్లలో ఇంకా ఎక్కువ. గంటన్నర అంటే విపరీతం కాదు. ఉద్యోగం చేసే చాలామంది ఏళ్ల తరబడి పోగొట్టుకుంటున్నది దాదాపు అంతే.

అసలు మాట్లాడాల్సింది ఇక్కడి నుంచే. ఆ గంటన్నర ఎవరి ఖాతాలోకి పోయింది? నిద్ర గురించి రాసే ప్రతివాళ్లూ ఫోన్ పక్కన పెట్టండి, సాయంత్రం కాఫీ మానండి అని పేషెంటుకే పాఠం చెబుతారు. నైట్ డ్యూటీ చేసే నర్సుకు, తెల్లవార్లూ లారీ నడిపే డ్రైవరుకు, ఈ వారం రాత్రి షిఫ్టు వచ్చే వారం పొద్దున షిఫ్టు చేసే ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ పాఠం పుండు మీద కారం లాంటిది.

శరీర గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. క్లోమం, కాలేయం, కండరాలు అన్నిటికీ రాత్రీ పగలూ తెలుసు. అర్ధరాత్రి తిన్న భోజనాన్ని పగలు తిన్నంత తేలిగ్గా అవి సర్దుకోలేవు. అమెరికాలో సుమారు 1.77 లక్షల మంది మహిళా నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మారే నైట్ షిఫ్టుల్లో 20 ఏళ్లకు పైగా పనిచేసినవాళ్లకు టైప్-2 మధుమేహం ముప్పు 58 శాతం ఎక్కువ. బరువు తేడాను లెక్కలోంచి తీసేసినా 24 శాతం ఎక్కువే ఉంది. రాత్రంతా రోగులను కాచేవాళ్లు ఇరవై ఏళ్లకు తామే రోగులవుతుంటే, దాన్ని వాళ్ల జీవనశైలి లోపమని ఎలా అంటాం? సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైతే వృత్తి వల్ల వచ్చిన జబ్బు అంటున్నాం. రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే డ్యూటీ పట్టిక) వల్ల పెరిగే షుగర్ ముప్పును కూడా ఆ దృష్టితోనే చూడాలి.

దారి లేక కాదు. రోజువారీ పనికి ఎనిమిది గంటల హద్దు పెడుతూ అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందం చేసుకున్నది 1919లో. రాత్రి పనివాళ్లు కోరితే ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని 1990 నాటి రాత్రి పని ఒప్పందం చెబుతోంది. ఒక రోజు పని ముగిసి మరో రోజు పని మొదలయ్యేలోపు కనీసం 11 గంటల ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ చట్టంలో ఉంది. ఈ 11 గంటల నిబంధన ప్రతి దేశంలో, ప్రతి రోస్టర్‌కూ వర్తించాలి. రాత్రి షిఫ్టు ఇచ్చే యజమానే తన ఖర్చుతో ఏటా హెచ్‌బీఏ1సీ చేయించాలి. ఫలితం హద్దు దాటుతున్న మనిషికి జీతం కోయకుండా పగటి పని ఇవ్వాలి. ఓపీలో కూర్చున్న డాక్టర్, మందు డోసు పెంచే ముందు, నిద్ర గంటలు, రాత్రి మెలకువలు, గురక గురించి అడిగి జవాబును ఫైల్లో రాయాలి.