ప్యానెళ్ల కన్నా ముందు ఫ్యాన్లు

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా తెలుగు సంఘ భవనం మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చినప్పుడు, అసలు మనం ఎంత కరెంటు వాడుతున్నామో ముందు తెలుసుకుందామని ఒక ఆదివారం ఉదయం కోశాధికారి గారూ, నేనూ, ఒక ఎలక్ట్రీషియనూ గ్రంథాలయం మొదలు వంటశాల దాకా తిరిగి లెక్క రాసుకున్నాం. 22 సీలింగ్ ఫ్యాన్లు, 36 పాత ట్యూబులైట్లు తేలాయి. వేదిక మీది ఫ్యాను మా అధ్యక్షుల వారి పెళ్లినాడు కూడా తిరిగిందట. ఆ గౌరవంతోనే కాబోలు దాని జోలికి ఇంతవరకు ఎవరూ పోలేదు. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. ఇనుప చోకుతో కలిసి 50 వాట్ల దాకా లాగే ట్యూబులైటు చోట 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సరిపోతుంది. అన్నీ ఒకేసారి వేస్తే ఇప్పుడు 3,450 వాట్లయ్యే వాడకం 1,380 వాట్లకు దిగుతుందనీ, మార్చడానికి 71 వేల రూపాయలు అవుతుందనీ అక్కడే కాగితం మీద తేలింది.

ఈ 71 వేలను 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లెక్కల పక్కన పెట్టి చూడాలి. ఒక ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. గృహ సముదాయాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 చొప్పున ఇస్తుంది. మా భవనం ఇల్లూ కాదు, గృహ సముదాయమూ కాదు, ప్రభుత్వ కార్యాలయమూ కాదు. వెనకటి పైకప్పు సోలార్ పథకంలో లాభాపేక్ష లేని సంస్థలకు 30 శాతం సాయం ఉండేది కాని, 2019లో దాని రెండో దశ వచ్చినప్పుడు ఆ సాయాన్ని నివాస గృహాలకే పరిమితం చేశారు. అంటే ఒక ఇంటికి ఇచ్చే సబ్సిడీ కన్నా తక్కువ సొమ్ముతో ఊరంతా వాడుకునే భవనం వాడకం సగానికి పైగా తగ్గుతుంది, ఆ సొమ్ము అడగడానికి మాత్రం మాకు గుమ్మం దొరకలేదు.

ఇళ్లకు ఇవ్వవద్దని నేను అనడం లేదు. సంఘ భవనాలకు మళ్లీ సాయం ఇచ్చే రోజు వస్తే, అది ఉత్పత్తికే కాక పొదుపుకు కూడా వర్తించాలని నా అభిప్రాయం. సోలార్ కరెంటు పగలే వస్తుంది, మా గ్రంథాలయం మాత్రం సాయంత్రం తెరుస్తాం. పెళ్లిళ్లు చాలావరకు రాత్రి ముహూర్తాలకే జరుగుతాయి. మిగిలిన రోజుల్లో హాలుకు తాళం ఉంటుంది. తాళం వేసి ఉన్నా, మంజూరైన లోడును, అంటే ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవచ్చని అనుమతి ఉందో దాన్ని బట్టి నెలనెలా పడే స్థిర ఛార్జీ ఆగదు. ఫ్యాన్లూ దీపాలూ మార్చి, ఆ తరువాత లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టుకుంటే వాడని నెలల్లో కూడా బిల్లు తగ్గుతుంది. ఎంత సోలార్ అవసరమో కూడా అప్పుడే సరిగ్గా తెలుస్తుంది. ముందే పెద్దది పెట్టించుకోవడం కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడం లాంటిది.

అమెరికాలో 2021 నాటి మౌలిక వసతుల చట్టం లాభాపేక్ష లేని సంస్థల భవనాల కోసం 5 కోట్ల డాలర్లతో ఒక పథకం పెట్టింది. అందులో సోలార్‌తో పాటు పైకప్పు, కిటికీలు, దీపాలు, శీతలీకరణ యంత్రాలు కూడా సాయానికి అర్హమైనవే. మన దగ్గర దుర్వినియోగం భయం ఉందంటారు, కాదనలేం. అయితే 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపును చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి ఏది కొన్నారో తనిఖీ చేయడం కష్టం కాదు. సగం సొమ్ము ముందు ఇచ్చి, మిగిలిన సగం గత ఏడాది అవే నెలల బిల్లులతో పోల్చి చూశాక ఇవ్వవచ్చు.

పైకప్పు సంగతి ఇంకా ముఖ్యం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన వాళ్ల చిన్న సంఘాలు చాలా వరకు రేకుల కప్పు కిందే నడుస్తున్నాయి. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రేకుల కింద ఏ ఫ్యాను వేసినా వడగాలే వస్తుంది. ప్యానెళ్ల బరువును ఆ కప్పు మోయలేదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ఊపేసింది. ఆ రాత్రులను చూసినవాళ్లకు వదులుగా బిగించిన రేకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇక్కడ కప్పును గట్టి చేసి, దాని కింద వేడిని ఆపే పొర వేయించడమే పెద్ద పొదుపు, సోలార్‌కు మాత్రమే ఇచ్చే సాయం ఈ భవనాల దాకా ఎన్నటికీ రాదు.

మన వైపు లోపం కూడా ఉంది. మా మీటరు ఇప్పటికీ స్థలం ఇచ్చిన దాత పేరు మీదే ఉంది; ఆయన పోయి చాలా ఏళ్లయింది. పేరు మార్పుకు వెళితే దానపత్రం అడిగారు. 1936లో ఒడిశా ఏర్పడక ముందు, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో రాసిన ఆ పత్రం చక్కని తెలుగులో ఉంది, కార్యాలయంలో దాన్ని చదివేవారు లేరు. ఒడియాలోకి అనువదింపజేసి, నోటరీ చేయించి, మూడు ప్రతులు ఇచ్చి వచ్చాం. ఏ గ్రాంటు వచ్చినా మొదట అడిగేది సంఘం పేరున ఉన్న బిల్లే కనుక, సరిహద్దు జిల్లాల సంఘాలన్నీ తమ మీటరు ఎవరి పేరున ఉందో ఈ నెల బిల్లు తీసి ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను.