మడి కట్టుకున్న ప్రోటీన్ డబ్బా గారికి

మహారాజశ్రీ వే ప్రోటీన్ డబ్బా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కుశలం లేనిది నా పర్సుకే.

మీరు మా ఇంట అడుగుపెట్టి రెండు నెలలైంది. వచ్చిన రోజు నుంచీ ఫ్రిజ్ మీదే పీఠం. చన్నీళ్లలో తప్ప కలవరు. పొయ్యి ఛాయలకి తెస్తే మైలపడతారట. "వేడి తగిలితే ప్రోటీన్ చచ్చిపోద్దన్నా" అన్నాడు జిమ్ కుర్రాడు. మా నాయనమ్మ కూడా ఇంత మడి పాటించలేదండీ!

మీ పుట్టుక మాకు తెలీదా? పాలు విరిచి పనీరు తీశాక అమ్మ పారబోసే తేట నీళ్ల వంశమే కదా మీది. చీజ్ ఫ్యాక్టరీలో మిగిలితే పాశ్చరైజేషన్‌లో కాచారు, వేడిగాలిలోకి చిమ్మి పొడి చేశారు. అంత వేడి చూసొచ్చి, మా పెనం దగ్గర ఈ సుకుమారం దేనికి?

మొన్న అమ్మ మీ మడి సంగతి తెలియక పెసరట్టు పిండిలో రెండు స్కూపులు కలిపేసింది. మూడు వేల డబ్బా, నేను లబోదిబోమన్నాను.

"ఉడికిన గుడ్డు తింటావు కదరా, దాన్లోది చచ్చిపోయిందా?" అంది.

నోరు మూతపడింది. వేడికి ప్రోటీన్ చుట్ట విప్పుకుంటుందే గానీ దాన్లోని పూసల్లాంటి అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోవు. ఆ విప్పే పని ఎలాగూ కడుపులో ఆమ్లం చేసేదే. గుడ్డు సంగతే చూడండి: 1998లో కొలిస్తే పచ్చిదాంట్లో ప్రోటీన్ 51 శాతమే అరిగింది, ఉడికిన దాంట్లో 91 శాతం. బెల్లమో పంచదారో కలిపి బాగా ఎర్రగా కాలిస్తే మాత్రం ఆ ఆమ్లాల్లో ఒకటైన లైసిన్ కొంత తగ్గుతుంది. మాడిస్తే ఇంకాస్త. అంతవరకే మీ బాధ న్యాయం.

ఇక ఆ పెసరట్టు. పోషకం పోలేదు, పోయింది పెసరట్టే. సైకిల్ ట్యూబులా సాగింది. ఉప్మా పెట్టినా, అల్లం చట్నీ అద్దినా లొంగలేదు. పైగా 100 గ్రాముల పెసల్లోనే దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంది, మీ స్కూపుకీ ఇంచుమించు అంతే. నాణ్యతలో మీరు ఒక మెట్టు పైనే, కాదనను. ధరలో ఎన్ని మెట్లో కూడా చూసుకోండి.

మర్నాడు మరిగే కాఫీలో వేశాను. విరిగిన పాలలా ఉండలు కట్టి తేలారు. వంశగుణం.

ప్రస్తుతం అమ్మ మిమ్మల్ని పొయ్యి పక్కనే, చింతపండు డబ్బా వెనక సర్దింది. మీ స్కూపు ఉప్పు డబ్బాలోకి చేరింది.

ఇట్లు,
మీ వాయిదాలు ఇంకా కడుతున్నవాడు